బషీరా బీ మంచాన పడని రెండేళ్లు

పెళ్లయి మూడు నెలలవుతున్నా తస్లీమ్‌కు ఇంకా అన్నీ కొత్తగానే ఉన్నాయి. కువైట్‌లో జహ్రాలోని ఆ ఒంటిగది ఇల్లు, కిటికీలో గుర్రుమనే ఏసీ, కాగితంలో చుట్టినా చెయ్యి కాలే ఖుబ్జ్ రొట్టెలు, అవి తెచ్చే మొగుడు. క్లినిక్ నుంచి వస్తూ దారిలోనే ఒక రొట్టె అంచు తుంచుకుని తినేస్తాడు మునాఫ్. అంచు పోయిన ఆ రొట్టెను చూసి ఆమె రోజూ నవ్వుకుంటుంది. రోజూ అదే తన ప్లేట్లో వేసుకుంటుంది.

మునాఫ్ ల్యాబ్ టెక్నీషియన్. సూదంటే వణికే డ్రైవర్లనూ, ఇంటిపని చేసే ఆడవాళ్లనూ మీది ఏ ఊరని అడిగి మాటల్లో పెట్టి రక్తం తీసేస్తాడు. అలాంటి మనిషి డాక్టరు కావాలనుకుంటే తస్లీమ్‌కు వింతగా అనిపించలేదు. డ్యూటీ చేస్తూనే చదివి నీట్ గట్టెక్కాడు. డిగ్రీ అయినవాళ్లను చేర్చుకునే ఒక విదేశీ మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టాడు. చిక్కల్లా డిగ్రీ మార్కులతోనే. జీపీఏ పదికి ఐదున్నర. మొదటి రెండేళ్లలో తప్పిన సబ్జెక్టులే దాన్ని కిందికి లాగేశాయి. అయినా ఇంటర్వ్యూకు పిలిచారు.

మిర్కాబ్‌లో అడ్మిషన్ల ఆఫీసు నడిపే ఉదయ్‌కుమార్‌ది అమలాపురం వైపు. ఇద్దరూ సలహా కోసం వెళ్లారు.

"మార్కులెందుకు తగ్గాయని అడుగుతారండి. అమ్మగారికి పక్షవాతం వచ్చింది, రెండేళ్లు మంచం మీదే ఉన్నారు, మీరే చూసుకున్నారు. అలా చెప్పేయండి. ఆయ్, ఇంకేం అడగరు," అన్నాడతను.

"మాయమ్మ బాగుండాది కదన్నా," అన్నాడు మునాఫ్.

"బాగుండాలనే నేనూ కోరుకుంటన్నానండి. చెప్పడానికేం పోయింది?"

శుక్రవారం ఇంట్లో రిహార్సల్ పెట్టుకున్నారు. ముందు తెలుగులో చెప్పి చూసి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవాలని అనుకున్నారు. రాయచోటిలో ఉన్న అత్త బషీరా బీతో సెలవురోజు పొద్దున వీడియో కాల్ కలిపితే సాయంత్రం దాకా తెగదు. పెద్దగా మాట్లాడుకునేదేమీ ఉండదు. ఫోన్‌ను బిస్కెట్ డబ్బాకు ఆనించి ఇక్కడ వీళ్ల పని వీళ్లు, అక్కడ ఆమె పని ఆమె చేసుకుంటారు. ఆ రోజు తెరమీద ఖాళీ కుర్చీ ఒక్కటే కనబడుతుంటే అత్త పెరట్లోకి పోయిందనుకున్నారు.

తస్లీమ్ గరిటె పట్టుకుని ప్రొఫెసర్‌లా మంచమెక్కి కూర్చుంది. "చెప్పండి మునాఫ్ గారూ, మార్కులెందుకిలా?"

"మాయమ్మకు పక్షవాతం వచ్చింది. రెండేండ్లు మంచం దిగలేదు."

ఆ మాట చెవిన పడగానే తస్లీమ్ ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేసి మంచం దిగింది. బాగున్న మనిషిని నోరారా మంచాన పడేస్తే ఊరుకుంటుందా? గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని ఫోన్ చుట్టూ తిప్పి దిష్టి తీయసాగింది.

"ఎవురికి తీస్తాండావు తస్లీమా?" అంది ఫోన్.

చేట పట్టుకుని బషీరా బీ తెరమీదికి వచ్చింది. తస్లీమ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"రెండేండ్లు మంచాన పడితినా? ఎప్పుడురా పడితి? నువ్వు తప్పిన ఆ రెండేండ్లూ నేను ఆ జహ్రాలోనే కదా, మామా అని పిలిచే ఆ అరబ్బామె ఇంట్లో. పొద్దున లేచి నిలబడితే వాళ్లు పండుకునే దాకా నిలబడే ఉంటి."

బషీరా బీ కుర్చీలో కూర్చుని చేటలో బియ్యం చెరగసాగింది.

"సరేలే అబ్బీ," అందామె చెరుగుతూనే. "నన్ను పండబెడితే సీటిస్తామంటే పండబెట్టు. మాటకు నా కాళ్లేం ఇరిగిపోవు."

ఇంటర్వ్యూ రోజు మునాఫ్ పైన చొక్కా, టై, కింద లుంగీ. కెమెరాకు అందకుండా తస్లీమ్ బల్లకింద కూర్చుని అతని కాలి బొటనవేలు పట్టుకుంది. తెరమీది ప్రొఫెసరమ్మ మెల్లగా అడగనే అడిగింది, ఈ మార్కులేమిటని. బొటనవేలు ముడుచుకుంది.

"అప్పుడు మా అమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది మేడమ్," అన్నాడు మునాఫ్ ఇంగ్లీషులో. "ఆమె పంపిన డబ్బుతో ఫీజు కట్టి నేను క్యారమ్స్ ఆడుకున్నాను. వేరే కారణం లేదు."

"మూడో ఏడు మార్కులు పెరిగాయే?"

"అమ్మ సెలవుకు వచ్చింది. పాదాలు బాగా వాచి ఉన్నాయి. పరీక్షకు రక్తం తీద్దామంటే నాకు నరం దొరకలేదు. మళ్లీ మళ్లీ గుచ్చాను. అమ్మ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు, నేర్చుకో అంది. నేర్చుకోవడం ఆ రోజు మొదలుపెట్టాను."

సీటు సంగతి ఏమవుతుందో తెలియదు. అయినా ఇలాంటివాడు దొరికినందుకు బల్లకింద తస్లీమ్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చున్నీ నోట్లో కుక్కుకుంది.

తర్వాతి శుక్రవారం కాల్‌లో బషీరా బీ ఉండగానే మెయిల్ వచ్చింది. మునాఫ్ చదివి వినిపించాడు. డిగ్రీ మార్కులు చాలవు. ఒక ఏడాది పాటు వాళ్ల బ్రిడ్జి కోర్సు ఆన్‌లైన్‌లో చదివి పరీక్ష పాసైతే సీటు ఖాయం.

"ఇంకో ఏడమ్మా," అన్నాడు నీరసంగా.

"నేను రెండేండ్లు నిలబడినా కదా ఆడ. నువ్వొక ఏడు కుదురుగా కూర్చోలేవా?" అంది బషీరా బీ.

తస్లీమ్ అప్పటికే బల్ల ఖాళీ చేస్తోంది. పుస్తకాలకు చోటు కావాలి కదా. బిస్కెట్ డబ్బాను పట్టుకుని, ఫోన్ పడిపోకుండా నెమ్మదిగా కిటికీ వైపు జరిపింది.

"నన్ను యాడికి జరుపుతాండావే?" అంది అత్త. "వాడు చదివేది నాకు కనపడాల."

తస్లీమ్ నవ్వి, ఫోన్‌ను బల్లవైపు తిప్పి పెట్టింది.