బావ చెప్పిన మూడు పడవలు

రేవు ఆఫీసు మేడ మీద ఒక చిన్న గది. అందులో బల్ల, వైర్‌లెస్ పెట్టె, గోడకు నల్లబల్ల. తెరచాప పడవల్లో దేశాలు తిరిగేవాళ్లు సముద్రపు దొంగలు కనబడ్డారని కబురు చేస్తే, అది నిజమో కాదో తేల్చి నల్లబల్ల మీద రాయాలి. ఎనిమిదింటికి పడవలన్నిటికీ చదివి వినిపించాలి. ఆ గదిలో కూర్చునే పెద్దాయనకు ఇరవై ఏళ్లుగా అదే పని. ఎవరేం చెప్పినా ఒక పట్టాన ఒప్పుకోడని పడవలవాళ్లు ఆయనకు నమ్మనయ్య అని పేరు పెట్టారు.

ఆయన పద్ధతి ఒకటే. జరిగినదాన్ని ముందు మొదటి నుంచి చివరికి అడుగుతాడు. గంట ఆగి, చివరి నుంచి మొదటికి అడుగుతాడు. నిజంగా హడలిపోయినవాడు రెండోసారి తడబడతాడు. ఎర్ర పడవ అన్నవాడే "ఎరుపో, తుప్పో" అని నసుగుతాడు. అల్లి చెప్పేవాడికి ఒక్క ముక్క పొల్లు పోదు.

ఆ పొద్దున ఆరింటికి పెట్టెలో నమ్మనయ్య బావ గొంతు పలికింది. అక్క పోయాక బావ ఇల్లు వదిలి పడవెక్కాడు. ఒక్కడే తిరుగుతాడు. నమ్మనయ్యకూ ఇంట్లో పలకరించే దిక్కు లేదు. వైర్‌లెస్‌లో చెప్పుకునే ఆ నాలుగు మాటలే ఇద్దరికీ ఆ రోజుకి మాటలు.

"ఒరేయ్ బామ్మర్దీ, రాసుకో. దీవుల మధ్య ఇరుకులో మూడు పడవలు నా మీదకొచ్చాయి. ఆరుగురు మనుషులు, చేతుల్లో కొక్కేలు. నూటేభై గజాల్లో ఉండగా వెనక్కి తిప్పుకుని వచ్చేశా. ఇప్పుడు దీవి చాటున లంగరేశా."

"వలలున్నాయా?"

"దొంగలకు వలలెందుకురా, నీ మొహం!"

గంట ఆగి మళ్లీ అడిగాడు, ఈసారి చివరి నుంచి. నూటేభై గజాలు, కొక్కేలు, ఆరుగురు, మూడు పడవలు. అప్పజెప్పినట్టు వచ్చింది. ఒక్క ముక్క పొల్లు పోలేదు.

"బాగా గుర్తు తెచ్చుకో బావా. వంద గజాలేమో?"

"నూటేభై అన్నానా!"

ఒక్కసారి తడబడితే బాగుండును అనిపించింది నమ్మనయ్యకు.

రేవులో ఆరు పడవలు ఆ పూటే ఇరుకు దాటడానికి సిద్ధంగా ఉన్నాయి. దొంగలున్నారని రాస్తే గుంపు కట్టి పోతాయి, దారిలో ఒంటరిగా కనబడినవాణ్ణి కలుపుకుంటాయి. కానీ పోయిన ఏడాది ఇద్దరు చెప్పారు కదా అని ఆయన ఒక కబురును నిజమని రాశాడు. ఆ ఇద్దరూ ముందు ఒకే పడవలో కూర్చుని టీ తాగుతూ ఒకే మాట అనుకున్నారని తర్వాత తెలిసింది. ఈలోగా, వల మీదుగా పోవద్దని చెప్పడానికి ఎదురొచ్చిన చేపలవాడి మీద, ఆ రాత చదివి బెదిరిన ఒకడు ఆపదలో ఆకాశంలోకి పేల్చే నిప్పు రవ్వల తుపాకీ పేల్చాడు. చేపలవాడి ముఖం కాలింది.

"బావా, ఎవరూ రాలేదు కదూ?"



"నెలయిందిరా పక్కన ఇంకో పడవని చూసి. నిజమని రాసెయ్. నీ సొమ్మేం పోయింది?"

"తోడు రమ్మని అడగొచ్చుగా."

"ఏమని అడుక్కోను? భయమేస్తోంది, చెయ్యి పట్టుకోండి అనా? ఈ వయసులో!"

నమ్మనయ్య సుద్దముక్క తీసుకుని బావ పడవ పేరు రాశాడు. పక్కన "నమ్మదగింది కాదు" అని రాశాడు. ఎనిమిదింటికి బావతో సహా పడవలన్నిటికీ అదే చదివాడు.

ఆరు పడవల్లో ఎవరో పకపకా నవ్వారు. "కట్టుకథల కంపెనీ! వాడు ఎదురైతే దూరంగా తప్పుకోండర్రా."

నమ్మనయ్య ఎన్నడూ కబురు తప్ప వేరే ముక్క మాట్లాడినవాడు కాదు. బటను నొక్కాడు.

"ఆయన మా బావ. ఒక్కడే ఉన్నాడు. తోడు తీసుకెళ్లండి."

చివరికి ఆఖరి పడవ నడిపే ఆవిడ అంది: "పదింటికి లంగరు తీస్తున్నాం బాబాయ్. దీవి దగ్గర కలవమనండి. దొంగల ఊసెత్తితే మాత్రం ఊరుకోను."

"అలాగేనమ్మా."

వెంటనే బావను పిలిచాడు. "బావా, వస్తామన్నారు. బావా, వినబడుతోందా?"

పెట్టె పలకలేదు. తొమ్మిదింటికీ పలకలేదు. పదిన్నరకు ఆవిడ గొంతు వచ్చింది: "దీవి చాటున ఎవరూ లేరు బాబాయ్. దూరంగా ఒక తెరచాప ఒంటరిగా పోతోంది. చెయ్యూపాం, ఆగలేదు."

"ఆయనకు చూపు ఆనదమ్మా," అన్నాడు నమ్మనయ్య. "ఇంకోసారి ఊపండి."