బురదకి దాచిన మాట

చలికాలం తెల్లవారగానే తొడలదాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, తుపాకీ భుజాన వేసుకుని, బురదచెక్కలు వీపుకి కట్టుకుని బాతుల వేటకి బయల్దేరడం మా మార్ల్‌హో ఊళ్ళో రోజూ ఉండే పనే. సముద్రపు గట్టు దిగితే ఉప్పుగడ్డి, అది దాటితే పాయలు, పాయలు దాటితే నీళ్ళదాకా అంతా బురదే. ఆ బురద మీద నడవడం మావాళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, పడుతూ లేస్తూ వచ్చేస్తుంది. మెరిసే చోట అడుగు వెయ్యకూడదు, అలలు గీతలు గీసిన చోట వెయ్యాలి. బలంగా లాగితే కాలు రాదు. మడమ అటూ ఇటూ తిప్పి, పక్కనుంచి కాసిని నీళ్ళు లోపలికి పోనిచ్చి, మడమ ముందు లేపాలి. మరీ మెత్తగా ఉంటే బూట్ల కింద చెక్కలు కట్టుకుని బాతులాగే నడవాలి. అన్నిటికన్నా ముఖ్యం, నిలబడకూడదు. ఇద్దరు మాట్లాడుకోవాలన్నా ఆ కాలూ ఈ కాలూ మారుస్తూ, ఉన్నచోటే కవాతు చేస్తూ మాట్లాడుకోవాలి.

ఈ విద్యలన్నీ మోకాలిదాకానే. మోకాలు దాటి దిగాక మా బురద మాట చెబితేనే వదులుతుంది. ఆ మాట అంతవరకూ ఏ మనిషి చెవినా పడి ఉండకూడదు. కుక్క చెవి లెక్కలోకి రాదని మా పెద్దవాళ్ళే తేల్చేశారు. ఎంత లోతు దిగితే అంత పెద్ద సంగతి చెప్పాలి, కాలికొకటి చొప్పున. దిగినవాడి తరఫున పక్కవాడు చెప్పినా చెల్లుతుంది. తొడదాకా దిగినవాడు వంగి, పక్కింటి కోడిని పొరపాటున తొక్కి చంపింది తనేనని ఒప్పుకుంటే బురద కాస్త ఆలోచించి వదులుతుంది. ఒకసారి బురద విన్నాక ఆ మాట ఇక ఎవరికైనా చెప్పుకోవచ్చు.

అందుకే మా ఊళ్ళో ప్రతివాడి కడుపులోనూ రెండు మూడు సంగతులు నిలవ ఉంటాయి. పబ్బులో ఎవరైనా మాట మొదలుపెట్టి మధ్యలో నాలుక కరుచుకుంటే, బురదకి దాచుకుంటున్నాడని తెలిసి పక్కవాళ్ళు చూపు తిప్పేసుకుంటారు. మొగుడు ఆ రోజు ఎంత లోతు దిగాడో భోజనాల దగ్గర అతని నోటిని బట్టి ఆడవాళ్ళకి తెలిసిపోతుంది. బురద గట్టిపడి ఎవరూ దిగబడని ఏడాది ఊరంతా మూగనోము పట్టినట్టుంటుంది.

ఇక మా ఆంబ్రోస్ పెక్ సంగతి. మాటల దగ్గర అంతటి పిసినారిని నేను ఇంతవరకూ చూడలేదు. ఉప్పుగడ్డికి అవతల ఏ పాయ ఎటు జరిగిందో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు, చీలమండ దాటి దిగింది ఎప్పుడూ లేదు. అయినా ఏదో ఒకరోజు నడుందాకా దిగుతానన్న భయం మాత్రం పోలేదు. ఆ రోజు కోసం తన దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద మాటని ఏళ్ళ తరబడి దాచుకున్నాడు. థిర్జా టనార్డ్‌ని పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఇదీ ఆ మాట. ఆమెకి చెబితే ఖర్చయిపోతుందని చెప్పలేదు. ఏం మనిషండీ!

థిర్జా పూర్తిగా వేరే బాపతు. తండ్రి పోయాక ఆయన తుపాకీ తీసుకుని తనే వేటకి దిగింది. ఆమె నోట్లో ఆవగింజ కూడా నానదు. కలలో కనబడింది కూడా గుమ్మం దగ్గరే చెప్పేస్తుంది. బురదకి ఏమీ మిగలదని తెలుసు కాబట్టి చెక్కల మీద, కాళ్ళ చురుకు మీద ఆధారపడి తిరిగేది. ఆంబ్రోస్, ఆమె ఒకే పాయ చుట్టూ వేటాడేవాళ్ళు. ఆమె మాట్లాడుతూ ఉండేది, అతను తలూపుతూ ఉండేవాడు. ఊరికంతటికీ విషయం అర్థమైంది, కానీ ఎవరి నిలవ మాట వాళ్ళది, మనం వేలు పెట్టకూడదు.

జనవరిలో ఓ ఉదయం, గులాబికాళ్ళ పెద్దబాతులు గుంపుగా వచ్చి వెళ్ళాక, ఇద్దరూ చెరో రెండు పక్షులు పట్టుకుని పాయ అంచున తిరుగుముఖం పట్టారు. సముద్రం పోటు మొదలవడానికి ఇంకా వ్యవధి ఉంది. దారిలో థిర్జా ఆగి, ఉన్నచోటే కాళ్ళు మారుస్తూ అంది.

"ఆంబ్రోస్, మా అక్క లింకన్ పట్నానికి వచ్చెయ్యమంటోంది. బేకరీలో తనకి తోడు కావాలట. ఈ సీజన్ అవగానే వెళ్ళిపోదామనుకుంటున్నా."

ఆంబ్రోస్ కాళ్ళు మారుస్తూ ఉన్నచోటే నడుస్తున్నాడు. గొంతులోకి ఆ మాట వచ్చేసింది. చెబితే బురదకి ఏమీ ఉండదు, చెప్పకపోతే మనిషే ఉండదు. మింగాడు, మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగాడు.

"ఉండమని ఎవరైనా అంటే ఆలోచిస్తా," అంది థిర్జా, మరీ సూటిగా అతని మొహంలోకి చూస్తూ.

జవాబు కోసం చూస్తూ కాళ్ళు కదపడం మరిచిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెయ్యని తప్పు అది. ఆమె ఆ సంగతి గమనించేసరికి బురద తొడలు దాటింది. గుంజుకోబోయింది, కుడిచెక్క తాడు తెగింది, నడుందాకా దిగిపోయింది.

ఆంబ్రోస్ తన చెక్కలు విప్పి పక్కపక్కన పరిచి, వాటి మీద బోర్లా పడుకున్నాడు. ఆమె తుపాకీ అందుకుని పక్కన పెట్టాడు. వెనక్కి వాలమన్నాడు, చేతులు చాపమన్నాడు. ఆమె కాళ్ళ చుట్టూ రెండు చేతులతో తవ్వాడు, నీళ్ళు పోనిచ్చాడు. తవ్విన గుంట తవ్వినట్టే పూడిపోయింది. ఈలోగా పోటు మొదలై వెనకాల పాయలో నీళ్ళు పెరగసాగాయి. పోటు మా దగ్గర ముందునుంచి రాదు, పాయల గుండా వెనక్కి వచ్చి దారి మూసేస్తుంది. గట్టు నుంచి ఎవరినైనా కేకేసి తెచ్చేంత సమయం లేదు. ఆంబ్రోస్ కుక్క టాన్సీ ఆ నీళ్ళని చూసి మూలిగింది.

థిర్జా తన దగ్గరున్నవన్నీ గబగబా చెప్పింది. చర్చిలో పాట మధ్యలో నిద్రపోయింది చెప్పింది, పాదరీగారి పెళ్ళాం చేసే కేకు తనకి నచ్చదని చెప్పింది. అన్నీ ఊరికి తెలిసినవే. బురద ఉలకలేదు, పలకలేదు.

"నువ్వు వెళ్ళిపో ఆంబ్రోస్. దారి మూసుకుంటోంది," అంది. అంటూనే అతని కోటు చెయ్యి పట్టుకుంది. చావంటే ఎవరికైనా భయమే కదా.

"నోరుముయ్యి," అన్నాడు ఆంబ్రోస్. అతను ఆమెతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. "చెవులు కూడా మూసుకో."

ఆమె మూసుకుంది. అతను చెంప బురదకి ఆనించి, ఆమె కుడికాలు దిగిన చోట నోరు పెట్టి అన్నాడు: "నాకు థిర్జా అంటే ప్రాణం. పెళ్ళి చేసుకుని ఈ ఊళ్ళోనే ఆమె వాగుడు వింటూ బతకాలని ఉంది. చెప్పలేని వెధవని. వదులు."

ఏళ్ళనాటి మాట, చాలా బరువుది. బురద లోపల ఏదో తెరుచుకున్నట్టు చప్పుడైంది, కుడికాలు బూటుతో సహా పైకి వచ్చేసింది. థిర్జా నవ్వబోయింది, కానీ ఎడమకాలు అలాగే ఉంది. నీళ్ళు ఆంబ్రోస్ మోచేతుల్ని తాకాయి. అతను కడుపంతా వెతుక్కున్నాడు. అంత లోతుకి సరిపోయేది మరొకటి లేదు. ఉన్నదంతా ఖర్చయిపోయింది. అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

"ఇప్పుడు నువ్వు మూసుకో," అంది థిర్జా.

"ఏంటి?"

"చెవులు."

"నీ దగ్గర ఊరికి తెలియనిది ఏముంది?"

"ఉందో లేదో నీకెందుకు? మూసుకో."

ఆంబ్రోస్ రెండు గుప్పిళ్ళ బురద తీసి చెవుల్లో కుక్కుకున్నాడు. థిర్జా నడుం వంచి, నీళ్ళలోకే నోరు పెట్టి చెప్పింది. లోకంలో ఏ సంగతీ కడుపులో ఆపుకోలేని ఆ మనిషి ఒక్క మాటని మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా ఆపుకుంది. కన్నతండ్రికి చెప్పలేదు, అక్కకి రాయలేదు. అది కూడా బాగా పాత మాటే అయివుండాలి, బురద ఆమె కాలిని ఎంత విసురుగా వదిలిందంటే థిర్జా వెళ్ళి ఆంబ్రోస్ మీద పడింది. ఎడమబూటు మాత్రం లోపలే ఉండిపోయింది.

తరువాతదంతా బురదలో ఈత. చెక్కల మీద ఛాతీ ఆనించి కాళ్ళతో తన్నుకుంటూ, తుపాకులు, బాతులు ముందుకి తోసుకుంటూ, పాయలో మెడదాకా నీళ్ళు దాటి, ఉప్పుగడ్డి వేళ్ళు చేతికి దొరికేదాకా ఇద్దరూ ఆగలేదు. టాన్సీ ముందే గట్టెక్కి మొరుగుతూ నిలబడింది. అరవై దాటిన మొనగాళ్ళు కూడా ఆ పోటులో ఆ పాయ దాటినట్టు చెప్పుకోవడం నేను వినలేదు. ఒక్క పక్షిని కూడా వదల్లేదు, అది కూడా రాసుకోండి.

గట్టు మీద పడి ఊపిరి తీసుకున్నాక ఆంబ్రోస్ చెవుల్లోని బురద గీక్కున్నాడు. దాచుకోవడానికి ఇప్పుడు ఏమీ లేదు, మనిషి తేలికైపోయాడు. లేచి కూర్చుని, బురదకి తను చెప్పింది ఒక్క ముక్క పోకుండా థిర్జాకి చెప్పాడు. వెధవనన్న దానితో సహా.

థిర్జా జుట్టులోని బురదనీళ్ళు పిండుకుంటూ కూర్చుంది. ఆంబ్రోస్‌కి మళ్ళీ భయం వేసింది.

"మరి నువ్వు? నువ్వేం చెప్పావ్?" అన్నాడు.

"'సరే' అన్నా."

"దేనికి?"

"నువ్వు అడగబోయేదానికి. మా నాన్న బతికున్న రోజుల నుంచీ నా దగ్గర జవాబు ఒక్కటే ఉంది. ప్రశ్న రాలేదు కదా, ఎవరికి చెప్పను?"

ఆంబ్రోస్ ఆమె బూటులేని కాలిని ఒళ్ళోకి తీసుకుని, తన మేజోడు తీసి తొడిగాడు. అప్పుడిక ఆగలేక ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ పూట వాళ్ళు ఊళ్ళోకి రావడం నేను చూశాను. తల నుంచి కాలిదాకా బురద, భుజాల మీద నాలుగు పెద్దబాతులు. ఆంబ్రోస్ ఇంటి సందు మొదలుకుని పబ్బుదాకా ఎవరి గుమ్మం కనబడితే వాళ్ళ గుమ్మం తట్టి పెళ్ళి కబురు చెబుతున్నారు. థిర్జా చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ ప్రతి గుమ్మంలోనూ ఆమె నోరు తెరిచేలోపే చెప్పేస్తున్నవాడు ఆంబ్రోస్.