అరుగెక్కి తిన్నవాళ్లు

మా ఆయన లా చదివింది హైదరాబాదులో. ఆయన వకాలత్ పెరిగింది మాత్రం నా వంటింట్లో. ఈ మాట నేనన్నప్పుడల్లా ఆయన నవ్వి ఊరుకునేవాడు. కాదనడానికి సాక్ష్యం ఉండొద్దూ!

నల్లగొండలో 'రఘుపతి, వకీలు' అని బోర్డు కట్టిన కొత్తలో మాకు ఈగలు తోలుకోవడమే పని. పల్లెల నుంచి కోర్టు పేషీకి వచ్చే రైతులు ముందురోజే బండ్లు కట్టుకొని వచ్చి అదాలత్ గోడ పక్కన ముడుచుకొని పడుకునేవాళ్లు. "వాళ్లను మన అరుగు మీద పండుకోమను. తలా రెండు జొన్నరొట్టెలు నేను కొడత" అన్నాను. నా రొట్టె తిన్నవాడు తెల్లారి ఇంకో వకీలు గడప ఎట్లా తొక్కుతాడు? అట్లా ఒక్కొక్క కేసే వచ్చింది. ఒకసారి ఒక షావుకారు పెద్ద కేసు తెచ్చాడు. కానీ అవతలి రైతు అంతకుముందే మా ఇంట్లో తిని పడుకున్నాడు. "మా అరుగెక్కి అన్నం తిన్నవాడి మీద నేను వకాలత్ పట్టను" అని మా ఆయన నలుగురిలో అనేశాడు. ఆ మాట ఆత్మకూరు దాకా, తిరుమలగిరి దాకా పోయింది. ఆ తర్వాత నాకు పొయ్యి ఆర్పే తీరిక దొరకలేదు.

పని పెరిగాక మా ఆయన అమరేందర్‌ను కలుపుకున్నాడు. బోర్డు మీద రెండు పేర్లయ్యాయి. అమరేందర్ చురుకైనవాడు, చెడ్డవాడేం కాదు. "అరుగు మీద ఎన్నాళ్లు వదినా? అదాలత్ ఎదురుంగ బంగ్లా కిరాయికి తీసుకుందాం, కుర్సీలు ఏద్దాం, సూర్యాపేటల ఇంకో దఫ్తరు తెరుద్దాం" అనేవాడు. దానికి చిల్లర కేసులు చాలవు, ఒక దొర కావాలి. దొర ఒక్కడు దొరికితే కేసులకు కరువుండదు. మా ఆయనకూ ఆశ పుట్టింది. నాకు మాత్రం పుట్టలేదంటే అబద్ధమే.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం సుక్కమ్మ వచ్చింది. తిరుమలగిరి అవతలి పల్లె. వెలివాడ మనిషి. మగవాళ్లిద్దరూ అదాలత్‌లో ఉన్నారు. అరుగు మీద కాటమయ్య అనే కేసుదారూ, ఆత్మకూరు రైతులూ రొట్టెలు తింటున్నారు. నేను ఆమెకు కింద వాకిట్లో విస్తరాకు వేసి పెట్టాను. అందరం అట్లాగే పెట్టేవాళ్లం. అందులో ఆలోచించేది ఏముందనుకున్నాను.

తింటూ చెప్పింది. మొగుడు మైసయ్య ముళ్లకంపలు కొట్టి, రాళ్లు ఏరి, ఒక చెలక సాగులోకి తెచ్చాడు. నిరుడు జ్వరమొచ్చి పోయాడు. ఆ చెలక తనదని వాళ్లూరి దొర అదాలత్‌కు ఎక్కాడు. అది పోతే ఆమె, ఇద్దరు ఆడపిల్లలు దొర ఉండే గడీలో వెట్టికి పోవాలి. గడీలో ఎదిగిన ఆడపిల్లల బతుకేమిటో మా జిల్లాలో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

"రేపే పేషీ దొరసాని. పొద్దటి సంది తిరుగుతున్న. ఏ వకీలింటికి పోయినా, దొర వకాలత్ మా దగ్గర ఉన్నదంటున్నరు. ఒక్క దొరకు గింతమంది వకీళ్లెందుకు?"

ఎందుకో నాకు అర్థమై ఒళ్లు మండింది. దొర గెలవడానికి ఒక్క వకీలు చాలు. ఆమె తరఫున నిలబడేవాడు లేకుండా చేయడానికి ఊళ్లో ఉన్న అందరూ కావాలి. రేపు ఎవరూ నిలబడకపోతే తీర్పు, అదే ఫైసలా, దొర తరఫునే అయిపోతుంది.

"నువ్వు మా ఇంట్ల తిన్నవు. ఇగ ఫికర్ జెయ్యకు" అన్నాను. మా ఆయన్ని అడగకుండానే మాట ఇచ్చేశాను. నా నోటికి ఎప్పుడూ తొందరే.

పొద్దు వాలుతుండగా జట్కా వచ్చి ఆగింది. మా ఆయన, అమరేందర్, వాళ్ల వెనక జరీ తలపాగాతో ఒక మనిషి దిగారు. అమరేందర్ మొహం వెలిగిపోతోంది. "వదినా, చాయ్ పెట్టు. దొరగారి గుమాస్తా వచ్చిండు. ఇయ్యాల్టి సంది దొర కేసులన్నీ మనయే!"

ఆ దొరే. అన్నీ అంటే సుక్కమ్మ మీది కేసు కూడా. ఊళ్లో మిగిలింది మేమొక్కళ్లమే, ఆ ఒక్క తలుపూ మూయడానికి వచ్చాడు. ఆమె వాకిట్లో గోడకు అతుక్కుపోయింది. గుమాస్తా చూడనే చూశాడు. "ఓహో, ఈడిదాకా వచ్చినవా?" అని నవ్వి, అరుగెక్కి కూర్చొని వకాలత్‌నామా కాగితం పరిచాడు. మా ఆయన కలం సిరాలో ముంచాడు.

"జర ఆగు" అన్నాను. "ఆమె మనింట్ల తిన్నది."

కలం ఆగింది. అరుగు మీది రైతులు తలలు తిప్పి చూశారు. మా ఆయన మొహం పాలిపోయింది. ఆయన మాట ఆయన మెడకే చుట్టుకుంది మరి. అమరేందర్ మాత్రం తడుముకోలేదు.

"వదినా, అన్న అన్న మాటేంది? అరుగెక్కి తిన్నోళ్ల మీద వకాలత్ పట్టనని. ఆమె అరుగెక్కలే. కింద తిన్నది. మాట తప్పినట్లెట్లయితది?"

"అవ్ మరి" అన్నాడు గుమాస్తా. "కింద తిన్నోళ్లు లెక్కల్లకు రారు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. ఊపిరి తేలికగా విడిచాడు. ఆ ఊరట చూసి నాకు వచ్చిన కోపం పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ రాలేదు. అందులో సగం నా మీదే. విస్తరాకు కింద వేసింది నేనే కదా.

లోపలికి పోయాను. ఇత్తడి తలెలో అన్నం, పచ్చిపులుసు పెట్టుకొని వచ్చి అరుగు మీద పెట్టాను. "సుక్కమ్మా, పైకి రా."

"పిచ్చా వదినా!" అన్నాడు అమరేందర్. గుమాస్తా నింపాదిగా అన్నాడు: "ఎక్కనియ్యండ్రి. ఎక్కినంక ఈ అరుగు మీద మంచినీళ్లు ముట్టేటోడు ఉండడు. ఇగ ఆమె సంగతి ఊర్ల మేం జూస్తం."

సుక్కమ్మ కదల్లేదు. "వద్దు దొరసాని, నీ బాంచెన్. నన్ను బతకనియ్యరు" అంది. అప్పుడు గానీ నాకు తెలియలేదు, నేను కోపానికి పిలిచాను, ఎక్కాల్సింది ఆమె. నాకు పోయేది కేసులు, ఆమెకు పోయేది ప్రాణం. తలె అక్కడే ఉంది.

చివరికి ఆమె మా ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "అయ్యా, నేను ఎక్కి తింటె రేపు అదాలత్ల నా దిక్కు నిలబడ్తవా? అమ్మ చెప్పుడు గాదు. నువ్వు చెప్పాలె."

మా ఆయన కాగితం వైపు చూశాడు. బోర్డు మీద రెండు పేర్ల వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. ఈయన నోరు తెరవకపోతే ఈ గుమ్మంలో నేనుండను అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఆయన కలం సిరాబుడ్డి పక్కన పెట్టాడు.

"నిలబడ్త" అన్నాడు.

సుక్కమ్మ కొంగుతో పాదాలు తుడుచుకొని అరుగెక్కింది. తలె ముందు కూర్చొని ముద్ద కలిపింది. మధ్యాహ్నం కడుపు నిండా తిన్న మనిషి, ఆకలి ఎక్కడిది? ముద్ద గొంతు దిగడం లేదు. నీళ్లు తాగి, మళ్లీ ముద్ద పెట్టుకుంటోంది. గుమాస్తా ఆమెనే చూస్తున్నాడు, ఆమె తలెనే చూస్తోంది. ఒక్క మెతుకు మిగల్చలేదు. నాకు ఏడుపొచ్చింది. అన్నం పెట్టి ఒక మనిషిని అంత కష్టపెట్టింది నా జన్మలో అదొక్కసారే.

గుమాస్తా కాగితం మడిచాడు. "మంచిది వకీలు సాబ్. రేపట్నించి నీ అరుగు మీద ఎవరు తింటరో చూస్త" అని జట్కా ఎక్కాడు. ఆత్మకూరు రైతులు ఒకరి వెనక ఒకరు లేచి మూటలు సర్దుకున్నారు. కాటమయ్య ఒక్కడు లేవలేదు. "నా పేషీ ఎల్లుండాయె, యాడికి పోవాలె" అని గొణిగి, ఆ చివరకు జరిగి గొంగడి కప్పుకున్నాడు. దాన్ని మంచితనం అనను. కానీ ఉన్నాడు.

"ఒక్క తలె అన్నంతోని ఇన్నేండ్ల కష్టం మునిగింది అన్నా" అన్నాడు అమరేందర్. "బోర్డు మీంచి నా పేరు తీపించు." మా ఆయన తల ఊపాడు.

సుక్కమ్మ తలె తనే కడిగి బోర్లించి, పోయి దొడ్లో పడుకుంది. కేసుదార్లంతా అరుగు మీదే పడుకుంటారు కదా, ఈమె కూడా అక్కడే పడుకోవాలని నాకు తోచనే లేదు. పైకి పిలిచి అన్నం పెట్టేశాను, నా పౌరుషం అక్కడితో తీరిపోయింది.

తెల్లారి మా ఆయనా సుక్కమ్మా అదాలత్‌కు పోయారు. నేను అలవాటు కొద్దీ అందరికీ వండాను. తినేవాళ్లు లేరు. కాటమయ్య కూడా ఎటో తిరగడానికి పోయాడు. మా ఆయన అక్కడ నిలబడ్డాడో, నలుగురు పెద్ద వకీళ్ల కళ్ల ముందు కూర్చుండిపోయాడో అని గడప దగ్గరే కాచుకున్నాను.

ముందు సుక్కమ్మ వచ్చింది. అరుగు కింద ఆగింది.

"ఏమాయె?"

"సుక్కమ్మ దిక్కు ఎవరని పిలిచిండ్రు దొరసాని. ఒక్కలు పలుకలే. నా పానం పోయిందనుకున్న. గప్పుడు మన సారు లేసిండు. ఫైసలా జెప్పే పెద్దసారు రాసుడు ఆపిండు. ఫైసలా గాలె, మల్ల పేషీ ఇచ్చిండ్రు."

నేను గడప మీద కూలబడ్డాను. సుక్కమ్మ కొంగుతో పాదాలు తుడుచుకొని, నేను పిలవకుండానే అరుగెక్కి, నిన్నటి జాగాలో గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"బువ్వ ఉంటె పెట్టు దొరసాని" అంది. "ఆకలైతాంది."