దక్షిణానికి జరిపిన రైలుకట్ట

ముచ్చలదొడ్డి బడి వెనక సర్వేవాళ్లు మొదటి రాయి పాతిన రోజు యమున నాలుగో తరగతికి లెక్కలు చెబుతోంది. కిటికీలోంచి చూస్తే నలుగురు మనుషులు, ఒక సున్నపు బస్తా, మూడు కాళ్ల మీద నిలబెట్టిన కొలత యంత్రం కనిపించాయి. బయటికి వెళ్లి ఏమిటని అడిగింది. కొత్త రైలుమార్గం వస్తుందన్నారు. బడి గోడకూ పట్టాలకూ మధ్య నలభై అడుగులు కూడా ఉండదనీ, వెనక వీధిలో పద్నాలుగు ఇళ్లు పోతాయనీ చెప్పారు. మేము కొలిచేవాళ్లమే అమ్మా, మాకేం తెలియదు అని మళ్లీ పనిలో పడ్డారు.

యమున ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలై ఆరేళ్లయింది. రోజూ గద్వాల నుంచి మల్దకల్ మీదుగా బస్సులో వచ్చి పోయేది. ఏడో తరగతి దాకా డెబ్బై ఒక్క మంది పిల్లలు. ఆమె వచ్చేనాటికి నలభై కూడా లేరు. ఇంటింటికీ తిరిగి, పత్తి చేలలో పనికి పోయే పిల్లలను పిలుచుకొచ్చి, పైసా పైసా కూడబెట్టినట్టు ఒక్కొక్కరినీ కూడబెట్టింది. అలాంటి బడి పక్కన రోజంతా రైళ్లు తిరుగుతాయంటే ఆమెకు అన్నం సయించలేదు.

వారంలోగా ఊళ్లో సమితి ఏర్పడింది. దాని పెద్ద నరేందర్. విత్తనం కోసం సీడు పత్తి పండించే రైతులకూ విత్తన కంపెనీలకూ మధ్య నిలబడి పని నడిపేవాడు. పోయే పద్నాలుగు ఇళ్లలో అతని ఇల్లు మూడోది. బడి గేటు పక్కన టెంటు వేశారు. రైలుకు మేము అడ్డం కాదు, బడినీ ఇళ్లనూ వదిలి వేసుకోండి అని బ్యానరు కట్టారు. అర్జీలన్నీ యమునే రాసింది.

మొదటి మూడు రోజులు టెంటులో జనం బాగానే ఉన్నారు. తర్వాత ఎవరి చేలకు వాళ్లు పోయారు. నాలుగో రోజు నుంచి దాన్ని నిలబెట్టింది హెప్సిబ.

హెప్సిబ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. యాభై దాటిన మనిషి. ఊరికి దక్షిణాన, వాగు అవతల, కూలి చేసుకునే పదకొండు కుటుంబాల వాడ ఆమెది. వాడ మధ్యలో రేకుల కప్పుతో చిన్న ప్రార్థన మందిరం. ఆడవాళ్లు సీడు పత్తిలో పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటించే పనికి పోతారు, పనుల్లేని కాలంలో మొగుడూ పెళ్లాలు బెంగళూరుకు పోయి ఇళ్లు కట్టే పని చేస్తారు. అలాంటి వాడ నుంచి రోజుకు ఆరుగురు ఆడవాళ్లను వంతులు వేసి తీసుకొచ్చి హెప్సిబ టెంటులో కూర్చోబెట్టింది. పిల్లలకు వడ్డించాక తనూ వచ్చి కూర్చునేది.

ఒకరోజు యమున అడిగింది. "మీ వాడకు ఈ రైలుతోటి బాధ లేదు గద. పని ఇడిచిపెట్టి ఎందుకొస్తుండ్రు?"

"బడి మాది గూడ గద మేడం. నేనైతే సదువుకోలే. నా కొడుకు ఏడు దాంక ఈడనే సదివిండు. ఇప్పుడు మనుమరాలు వస్తున్నది. ఆ సప్పుడుల పిల్లలకు మీ మాట ఏం ఇనపడ్తది?"

ఇరవై మూడో రోజు రైల్వే అధికారి జీపులో వచ్చాడు. టెంటులో కాసేపు కూర్చుని, తర్వాత బడి ఆఫీసు గదిలోకి వచ్చి బల్ల మీద పటం పరిచాడు. నరేందర్, యమున, సమితి వాళ్లు మరో ఇద్దరు. బడిని తప్పించడానికి దారి ఉందన్నాడు అధికారి. పెన్సిలుతో గీత గీశాడు. గీత ఊరి ముందు వంగి, వాగు దాటి, దక్షిణం వైపు తిరిగింది.

"ఇక్కడేముంది?" అని పెన్సిలు ఆనించి అడిగాడు.

"సర్కారు జాగ సార్. రాళ్లు, తుమ్మచెట్లు," అన్నాడు నరేందర్.

"ఖాళీయేనా?"

నరేందర్ తల ఊపాడు. పటంలో అక్కడ ఏ గుర్తూ లేదు. ఖాళీ అని సమితీ బడీ కలిసి ఒక లేఖ రాసిస్తే ఈ నెలలోనే పైకి పంపుతానని చెప్పి, అధికారి ఫోను మాట్లాడుకుంటూ బయటికి వెళ్లాడు.

"హెప్సిబ వాళ్ల ఇండ్లు ఆడనే గద నరేందరన్నా," అంది యమున.

"ఉన్నయి మేడం. కాగితాలల్ల మాత్రం లేవు. వాళ్లెవ్వరికీ పట్టా లేదు. రేపు సర్కారే వేరే జాగ ఇస్తది, ఇప్పటికన్న మంచి జాగ. ఈ పొద్దు సంతకం గాకపోతే ఈ సారు మల్ల రాడు. బడి పోతది."

"వాళ్లకొక మాట చెప్పి చేద్దాం."

"నేను చెప్త. ముందైతే బడి కానీయుండ్రి."

లేఖను నరేందరే రాశాడు. 'సదరు ప్రాంతంలో నివాసాలు లేవు' అన్న వాక్యం యమున రెండుసార్లు చదివింది. తర్వాత సంతకం పెట్టి, బడి ముద్ర వేసింది. ఆ సమయంలో ఆమె తలలో ఉన్నది డెబ్బై ఒక్క మంది పిల్లలు. వాళ్లలో పంతొమ్మిది మంది వాగు అవతలి నుంచే వస్తారన్న సంగతి ఆమెకు తెలియనిదేమీ కాదు.

లేఖ తీసుకుని అధికారి వెళ్లగానే టెంటు తీసేశారు. బడి దక్కిందని ఊరంతా సంబరపడింది. ఆ మధ్యాహ్నం హెప్సిబ ఎవరూ అడగకుండానే బెల్లమన్నం వండి పిల్లలకు పెట్టింది. ఒక గిన్నెలో యమునకు తెచ్చి, "మీ చేతి రాతతోటే అయింది మేడం," అంది. యమున గిన్నె అందుకుంది. చెప్పాలనుకుంది. నరేందర్ చెబుతానన్నాడు కదా అనుకుంది. ఆ తర్వాత కూడా రెండుసార్లు నోటి దాకా వచ్చింది. ఒకసారి గ్యాసు బండి వచ్చింది, ఇంకోసారి పిల్లాడెవడో పడి మోకాలు చీరుకున్నాడు. నిజానికి ఆ అడ్డంకులు వచ్చినందుకు ఆమెకు లోపల హాయిగానే అనిపించింది.

నరేందర్ చెప్పలేదు.

వానలు వెనకపట్టాక ఒక సోమవారం హెప్సిబ పొయ్యి వెలిగించకుండా నేరుగా ఆఫీసు గదికి వచ్చింది. వెంట ఆమె భర్త ఇస్రాయేలు.

"మా ఇండ్ల మీద ఎర్ర రంగుతోటి నెంబర్లేసిండ్రు మేడం. రైలు మా మీదికెల్లి పోతదంటుండ్రు. ఏదో తప్పు అయినట్టున్నది. బడికి రాసినట్టే మాకు గూడ ఒక అర్జీ రాయుండ్రి."

యమున రాసింది. పదకొండు ఇళ్ల పేర్లూ, ఎన్నేళ్లుగా ఉంటున్నదీ, ప్రార్థన మందిరమూ, అన్నీ వివరంగా రాసింది. రాస్తున్నంతసేపూ తలెత్తలేదు.

మరునాడు ముగ్గురూ గద్వాలకు వెళ్లారు. భూమి తీసుకునే పని చూసే ఆఫీసులో ఇస్రాయేలు బయట బెంచీ మీద ఉండిపోయాడు, ఆడవాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు. గుమాస్తా అర్జీ చదివి ఫైలు తెరిచాడు.

"ఆడ ఇండ్లే లేవని మీ ఊరోళ్లే రాసిచ్చిండ్రు గదమ్మా. బడి ముద్ర గూడ ఉన్నది. సూడుండ్రి," అని ఫైలును వాళ్ల వైపు తిప్పాడు.

హెప్సిబకు చదువు రాదు. కానీ భోజనాల పుస్తకంలో తన వేలిముద్ర పక్కన రోజూ చూసే సంతకం అది. దాని మీద గుండ్రటి ముద్ర. ఆమె చాలాసేపు కాగితం వైపే చూసింది. యమున వైపు చూడలేదు. తర్వాత కొంగు సర్దుకుని లేచింది.

బయట ఇస్రాయేలు, "ఏమన్నరు?" అని అడిగాడు.

"కాగితం తీసుకున్నరు," అంది హెప్సిబ.

ఇస్రాయేలుకు బజారులో పని ఉందంటే అతన్ని అక్కడే వదిలి ఇద్దరూ బస్సెక్కారు. యమునకు ఇల్లు గద్వాలలోనే అయినా, హెప్సిబను ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. గద్వాల దాటాక యమునే నోరు విప్పింది.

"నేనే రాసిచ్చిన హెప్సిబా. తెల్సే రాసిచ్చిన."

"సూసిన మేడం."

బస్సు మల్దకల్‌లో ఆగి, జనం ఎక్కి, మళ్లీ కదిలింది. అప్పుడు హెప్సిబ అడిగింది. "ఎప్పుడు?"

"టెంటు తీసేసిన పొద్దు."

"నేను బెల్లమన్నం వండిన పొద్దు," అంది హెప్సిబ, ఎవరికో తారీఖు గుర్తు చేస్తున్నట్టు.

యమున రెండో లేఖ రాసింది. మొదట ఇచ్చింది నిజం కాదని, అక్కడ పదకొండు ఇళ్లు ఉన్నాయని, తెలిసే దాచామని ఉన్నది ఉన్నట్టు రాసి, తనే పోయి ఇచ్చి రసీదు తీసుకుంది. కొత్త గీతకు ఆమోదం అయిపోయిందని, ఇక మారదని చెప్పారు. నెల తర్వాత ఆమెకు వచ్చింది సంజాయిషీ అడుగుతూ ఒక మెమో.

నరేందర్ దగ్గరికి పోతే అతను కుర్చీ వేసి, నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. "మల్ల టెంటంటే ఊరు రాదు మేడం. అందరు పరేషాన్‌ల ఉన్నరు, పత్తి పనులు మీద పడ్డయి. నేను జెప్పకపోవుడు తప్పే. ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వలే." ఆ మాట అన్నప్పుడు అతను నేల చూశాడు. అతని ఇల్లు మిగిలింది, అంతకుమించి అతను గెలుచుకున్నదేమీ ఆ ముఖంలో కనిపించలేదు.

వాగు అవతల పదకొండు కుటుంబాలు తమంతట తామే టెంటు వేసుకుని కూర్చున్నాయి. బడి విడిచాక యమున పోయి వాళ్ల మధ్య కూర్చునేది. వెనక వీధి నుంచి యాదమ్మ అనే ముసలామె ఒక్కతే వచ్చేది. "మీరు మాకోసం కూసున్నరు గద," అని ఒక మూల చతికిలబడేది. పది రోజుల తర్వాత యంత్రాలు వచ్చాయి. ఇళ్లు ఒక పూటలో అయిపోయాయి. మందిరం రేకులను మాత్రం ఇస్రాయేలూ మిగతా మగవాళ్లూ ముందే విప్పి ట్రాక్టరులో వేసుకున్నారు.

వాళ్లకిచ్చిన జాగ రోడ్డు పక్కన, ఊరికి ఆరు కిలోమీటర్లు. మొదట్లో ఐదుగురు పిల్లలు ఆటోలో వచ్చేవారు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక్కరూ రాలేదు. వంటకు కొత్త మనిషిని పెట్టారు. బడి గోడ వెనక నిశ్శబ్దంగానే ఉంది. వాగు అవతల ఎర్రమట్టి కట్ట రోజురోజుకూ లేస్తోంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం యమున ఆ కొత్త జాగకు వెళ్లింది. హెప్సిబ రేకుల ఇంటి ముందు మంచం వాల్చి, చాయ్ చేసి ఇచ్చింది. మనుమరాలు రోడ్డవతల ఇంకో బడిలో చేరిందని, అక్కడ కూడా మంచిగనే చెబుతున్నారని అంది. మళ్లీ వంటకు రమ్మని యమున అడిగితే, "ఇంత దూరంకెల్లి పొద్దుగాల ఎట్లొస్త మేడం," అంది.

తర్వాత తనే చెప్పింది. "మా ఇండ్ల ఎనక గుట్ట కింద బండనేల ఉండె. మేకలు గూడ పోవు ఆడికి. జర అటు జరిపితే సరిపోతుండె. బడి ఉంటుండె, మేము ఉంటుంటిమి. ఒక్క మాట అడిగుంటే నేనే ఆ సారును నడిపిచ్చుకపోయి సూపిస్తుంటి."

ఆ నేల ఎలా ఉంటుందో యమున ఎన్నడూ చూడలేదు. ఆరేళ్లలో వాడ ఇళ్ల దాకా పోయి పిల్లలను పిలుచుకొచ్చింది గానీ, వాడ వెనక్కి ఎప్పుడూ పోలేదు.

"నన్ను మన్నించు హెప్సిబా," అంది.

"మన్నించిన అని రోజు ప్రార్థనల చెప్త మేడం. పొద్దున చెప్త. మాపటికి మల్ల యాదికొస్తది. మల్ల చెప్త."

ఆ మాటలో కోపం లేదు. ఎత్తుకున్న పని ఇంకా అయిపోలేదని చెబుతున్నట్టు చెప్పింది. గద్వాల బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. యమున ఖాళీ గ్లాసు కింద పెట్టింది. హెప్సిబ లోపలికి పోయి చాటలో కందిపప్పు తెచ్చుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. యమున మంచం దిగి ఆమె పక్కన కూర్చుని, చాట అంచున ఉన్న పప్పును తన వైపు లాక్కుంది. హెప్సిబ వద్దనలేదు.