నాలుగంగుళాలు

గ్యారేజీలో పనిబల్ల నేనే చేశాను. ఏనుగెక్కినా కదలదు. బల్ల ఎత్తు పనిచేసేవాళ్ల మణికట్టుకు సరిపోవాలి. కుర్చీలు బాగుచేసేది మా ఆవిడ. నేను కొలిచింది మాత్రం నా మణికట్టుకి.

"కాస్త ఎత్తయిందండీ. కాళ్లు నాలుగంగుళాలు కోయరూ?" అంది.

"బంగారంలాంటి బల్లకి కాళ్లు నరకమంటావా?" అని కసిరాను.

ఆవిడ మళ్లీ అడగలేదు. ఒక చెక్కదిమ్మ కింద వేసుకుని, పన్నెండేళ్లు దానిమీదే నిలబడి పనిచేసింది.

ఆవిడ పోయి నెలయింది. ఇవాళ ఊడుస్తుంటే ఆ దిమ్మ బయటపడింది. రెండు పాదాలు ఆనినచోట నున్నగా అరిగి ఉంది. కొలిస్తే సరిగ్గా నాలుగంగుళాల మందం.

బల్లను పక్కకు వాల్చి, రంపం తీశాను.

నాలుగు కాళ్లూ కోయడానికి అరగంట కూడా పట్టలేదు.