మూడో కంప్యూటర్ మాట

తెల్లారేసరికి మబ్బు కృష్ణానది మీంచి లేచి పత్తి చేన్ల దాకా దిగింది. కురవలేదు, కదలలేదు. ధరూర్ దగ్గర చిన్నాయన మద్దిలేటి చేనుకు సుమన ఫోన్ చేతిల పట్టుకునే వచ్చింది. పట్నంలో యుద్ధవిమానాలకు కంప్యూటర్లు తయారుచేసే కొలువు ఆమెది. పొద్దెక్కేలోపు ఒక కాయిదం మీద సంతకం పెట్టి పంపాలె.

విమానం రెక్కలను నడిపించే కంప్యూటర్లు మూడు. ఒకటి చెడినా పైలట్ బతకాలని మూడు పెడతరు. రెండు కలిసి ఏ మాట చెప్తే అదే ఖాయం. వేరేమాట చెప్పినదాన్ని పక్కకు పెడతరు. మొన్నటి పరీక్షలో ఒక్కసారి మూడోది వేరేమాట చెప్పింది. లోపం దాంట్లోనే ఉన్నదని ఆ కాయిదంలో రాసిన్రు.

చేన్ల కూడ ముగ్గురే చూస్తుండ్రు. అది విత్తనపు పత్తి. ఆడ మొక్కల వరుసల్లోని మొగ్గలను నిన్న మాపున గోటితో గిల్లి, పుప్పొడి తీసేసిన్రు. ఇయ్యాల మగపూలు తెచ్చి అద్దాలె. సొంత పుప్పొడి మిగిలితే విత్తనం కల్తీ అయితది. అందుకే అద్దేముందు ఒక్కో వరుసను ముగ్గురు వేర్వేరుగా చూస్తరు.

కాంతమ్మ, పావని ఒక వరుస చూసి "సాఫ్" అన్నరు. అలంపూర్ దిక్కు నుంచి కొత్తగా వచ్చిన రెబెకా తల అడ్డంగా ఊపింది. "ఇంకా పొడి ఉన్నదత్తా."

"ఇరవై ఏండ్లసంది గిల్లుతున్న. ఆగు, నీ కండ్లకు అద్దాలు పెట్టిస్త" అన్నది కాంతమ్మ. పావని కిసుక్కున నవ్వింది.

"ఇద్దరు సాఫ్ అంటున్నరు గద చిన్నాయనా?" అన్నది సుమన.

మద్దిలేటి ఒక మొగ్గ కోసి, అడుగు చీల్చి చూపించిండు. లోపల పసుపు పొడి, ఆవగింజంత.

"ఇద్దరెక్కడ బిడ్డా? పావనికి నేర్పింది కాంతక్కనే. పిందె తెగుతదని అడుగు దాకా గోరు పోనియ్యరు. అడుగు దాకా చూడరు కూడ. ఇద్దరున్నా ఒక్కరు చూసినట్టే. పోయినేడు ముగ్గురికి ముగ్గురూ కాంతక్క దగ్గర నేర్చినోళ్లే. ముగ్గురూ సాఫ్ అన్నరు, విత్తనమంత కల్తీ అని వాపస్ వచ్చింది. అందుకే వేరే ఊర్ల నేర్చిన పిల్లను పిలిచిన."

కాంతమ్మ వినేటట్టే అన్నడు.

సుమన గట్టు మీద కూర్చున్నది. మొదటి రెండు కంప్యూటర్లకు ప్రోగ్రాం రాసింది ఒకే జట్టు, ఆమె జట్టే. తమ లెక్కలో తప్పుంటే రెండూ కలిసే తప్పు చెప్తయి. మూడోదానికి రాసింది వేరేవాళ్లు. వాళ్లకు పని రాదని ఆఫీసుల నవ్వుకునేటోళ్లు. ఆమె కూడ నవ్వింది.

ఆఫీసుల పెద్దసారుకు ఫోన్ చేసింది. "సార్, సంతకం పెట్టలేను. ముందు మా రెండింటిని విప్పి చూడాలె."

"మూడు నెలలు వెనకబడతం సుమనా. ఆలస్యం నీ పేరు మీదనే రాస్త."

"రాయండి సార్. తప్పు దొరికితే అది కూడ నా పేరు మీదనే రాయండి."

అవతల సార్ ఫోన్ పెట్టేసిండు.

కాంతమ్మ ఆ వరుస మొగ్గలన్నీ ఎవరూ చెప్పకముందే తెంపి పారేసింది.

పది గంటలకు సద్దులు విప్పిన్రు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. కాంతమ్మ తన పప్పుల సగం రెబెకా రొట్టె మీద వేసి, ముఖం పక్కకు తిప్పుకున్నది. రెబెకా జరిగి సుమనకు జాగ ఇచ్చింది. అందరూ కలిసి తిన్నరు.