రాజమ్మ బరువు

బడి తెరిచిన వారానికి భిక్షం మా రహమత్ నగర్ బడికి మళ్లీ వచ్చాడు. అప్పటికి అతని భార్య రాజమ్మ పోయి రెండు నెలలు. ఇనుప స్టాండు తెచ్చాడు, తాళ్లు, గిరకలు, ఉయ్యాల పీట తెచ్చాడు. పీట మీద కూర్చునే మనిషికి బదులు ఇసుక బస్తా తెచ్చాడు.

ముప్పై ఏళ్లు ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో తాళ్లు లాగినవాడు. హీరో గాల్లోకి ఎగిరితే చప్పట్లన్నీ హీరోకే, కింద అరచేతులు కోసుకున్నది మాత్రం ఇతను. పని మానేశాక భార్యాభర్తలిద్దరూ బడులు తిరిగి గిరకల ఆట ఆడేవారు. "నన్ను లేపేటోళ్లు ఈ బడిల ఎవరన్న ఉన్నరా?" అని రాజమ్మ పీట మీంచి సవాలు విసిరేది. పిల్లలు తాడు లాగితే అంత మనిషీ పైకి లేచేది. నేను వారం రోజులు చెప్పినా ఎక్కని పాఠం ఆవిడ ఒక్క కేకతో ఎక్కించేది. సైన్సు టీచరుగా నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

తాడు జారితే ఆపడానికి పిల్లల వెనక భిక్షం కూడా ఒక చెయ్యి వేసి ఉండేవాడు. "తాడు వట్టినోడు తాడునే చూడాలె. మీది మనిషి దిక్కు చూస్తే చెయ్యి జారుతది," అనేవాడు. అది స్టూడియో నుంచి తెచ్చుకున్న నియమం. తనూ ఎన్నడూ తలెత్తేవాడు కాదు. పీట అంచు మీద ఎర్ర రంగుతో ‘రాజమ్మ, 72 కిలోలు’ అని ఉండేది. మొదటి ఆటకు ముందు బియ్యం కొట్టు కాంటా మీద నిలబెట్టి తూచి రాశాడట.

కిందటేడు గిరకలకు బేరింగులు వేయించాడు. అంతవరకు ముగ్గురు పిల్లలు లాగితేగానీ లేవని రాజమ్మను ఇద్దరే లేపారు. దసరా సెలవుల ముందు మంజులత అనే పిల్ల ఒక్కతే లేపింది. జనవరిలో అదే పిల్ల కబుర్లాడుతూ లేపేసింది. "బేరింగులు వాడిన కొద్దీ సాఫైతయి టీచరమ్మా," అని భిక్షం మురిసిపోయాడు. నేనూ తలూపాను.

మార్చిలో రాజమ్మ మంచాన పడింది. ఏడాదిగా లోలోపల తినేస్తున్న జబ్బన్నారు డాక్టర్లు, ముందే తెస్తే బతికేదన్నారు. పరామర్శకు వెళ్తే భిక్షం ఒకటే మాట పట్టుకున్నాడు. "నొప్పని ఒక్కనాడు చెప్పకపాయె. నాకెట్ల ఎర్కైతది?" ఆ ఒక్క మాట ఆసరాతోనే అతను నిలబడి ఉన్నాడు. "మీకెలా తెలుస్తుందండీ," అన్నాను.

బడికి మళ్లీ వచ్చిన ఆ రోజు బస్తాలో సరిగ్గా డెబ్భై రెండు కిలోల ఇసుక తూచి నింపాడు. రాజమ్మంత బరువే ఉండాలని పట్టుదల. మంజులతను పిలిచాడు. అది ధీమాగా వచ్చి లాగింది. బస్తా కదల్లేదు. కాళ్లు తన్నిపెట్టి మళ్లీ లాగింది. పిల్లలు నవ్వారు.

"బేరింగులు జామైనట్టున్నయి," అని భిక్షం గిరకలు దించి ఒక్కొక్కటే వేలితో తిప్పి చూశాడు. అన్నీ చప్పుడు లేకుండా తిరిగాయి. మళ్లీ బిగించి ఇంకో పిల్లను తోడిచ్చాడు. ఇద్దరూ లాగితే బస్తా మెల్లగా లేచింది.

"తాతా, అవ్వ గింత బరువు లేకుండె," అంది మంజులత.

భిక్షం చూపు పీట మీది అంకె దగ్గర ఆగిపోయింది. "వానకు తాడు నానిందేమోనండీ," అన్నాను. పన్నెండేళ్లుగా ఇదే పాఠం చెబుతున్న నోటితో అంత చచ్చు అబద్ధం ఆడాను.

"లేదు టీచరమ్మా," అన్నాడు బస్తాను జాగ్రత్తగా దించుతూ. "గిరక మనిషి బరువు తగ్గియ్యదని పోరగాండ్లకు నేనే చెప్తి గద. ఆమెనే తగ్గుకుంట వచ్చింది. నా చేతులకు తెలుస్తనే ఉండె. బేరింగులని మురిసిన. తాడునే చూసిన, ఆమెను చూడలే."

నా చేతుల్లో ఏ తాడూ లేదు. ప్రతి ఆటకూ ఎదురుగా కుర్చీ వేసుకుని ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నదాన్ని. జనవరిలో, "బాగా సన్నబడ్డారు, ఆ చిట్కా ఏదో నాకూ చెప్పండి," అని వేళాకోళమాడాను. రాజమ్మ నవ్వి, పీట తాళ్లను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

ఆ సంగతి భిక్షంతో నేను చెప్పలేదు.